మెట్ల కింద అలమర

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఇది: బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటు మెట్ల వెనక గదిలో నాగలక్ష్మి ఏదో ఒక పొద్దున ఊదుబత్తి ముట్టించడానికి అగ్గిపుల్ల గీస్తుంది. ఆ ఒక్క పుల్లకు ఆమె, ఆమె ఐదు నెలల కొడుకు, ఆ గది, ఏదీ మిగలదు. ఆ గదిని ఆనుకుని ఉన్న అలమరను గీసింది నేను.

నేను భయస్తురాలినని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా పాప ఆశ్రిత నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తాను. పనికి బయలుదేరి వీధి మలుపు దాకా పోయి, పొయ్యి ఆర్పానో లేదోనని వెనక్కి వస్తాను. "మా కోడలు గాలి కొడితే ఎందుకు కొట్టిందంటాది, కొట్టకుంటే ఎందుకు కొట్టలేదంటాది" అని మా అత్త రామక్క వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. అందుకే ఇప్పుడు నిజంగా భయపడాల్సింది వచ్చినా నా మాటకు బరువు లేదు.

సోమందేపల్లెలో హైవే పక్కన రామకృష్ణయ్య శెట్టి ఎరువుల అంగడి ఉంది. దాని పైన మా ఆఫీసు. శెట్టి కొడుకు మణిదీప్ బెంగుళూరులో ఇంజనీరింగ్ చదివి, అక్కడే మూడేళ్ళు ఉద్యోగం చేసి, ఎనిమిది కంప్యూటర్లు వేసుకుని తిరిగొచ్చాడు. బెంగుళూరు వాళ్ళ భవనాలకు బొమ్మలు ఇక్కడ గీసి పంపడం పని. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని కిటికీలకు ప్లైవుడ్ కొట్టించాడు. కింద మూటల నుంచి పురుగుమందు వాసన మెట్లెక్కి వస్తుంది, పోయే దారి లేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా ట్యూబులైటు కిందే.

నేను అనంతపురంలో డిప్లొమా రెండో ఏడు చదువుతుండగా పెళ్ళి కుదిరింది. మూడో ఏడు పుస్తకాలు కొననే లేదు. పాపకు పది నెలలు నిండాక ఈ పనికోసం వస్తే మణిదీప్ సార్ ఒక మేడ బొమ్మ ఇచ్చి గీయమన్నాడు. చూసి తల ఊపాడు.

"ఏం చదివినావు?"

"డిప్లొమా సార్. రెండేళ్ళు."

"మూడో ఏడు?"

"పెండ్లి అయింది సార్."

"పెండ్లి కూడా ఒక ఏడు చదువు కిందే వేసుకుందాం లేమ్మా" అని నవ్వి, బెంగుళూరుకు పంపే జాబితాలో నా పేరు పక్కన 'డిప్లొమా' అని రాశాడు. నా పదో తరగతి ఒరిజినల్ మెమో తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ రోజు ఇంటికి నేల మీద నడిచి వచ్చినట్టు లేదు నాకు.

ఆ సాఫ్ట్‌వేరు సంగతి చెప్పాలి. కాగితం మీద గీత అంటే గీతే. ఇందులో గీత గీస్తే గోడ లేస్తుంది. దానికి మందం ఉంటుంది, తలుపుకు గడియ ఉంటుంది. కట్టని మేడలోకి మౌసు చేత్తో పట్టుకుని నడిచి పోవచ్చు. గోడలూ దూలాలూ వేరే వాళ్ళు గీసి పంపేవారు. నాకిచ్చింది గ్యాస్ పైపులు. వెనక పెరట్లో జాలీ లోపల పెద్ద సిలిండర్లు వరుసగా ఉంటాయి. వాటి నుంచి ఒక్క పసుప్పచ్చ పైపు బయలుదేరి, ఇంటింటి వంటగదికీ కొమ్మలు వేసుకుంటూ పైకి ఎక్కుతుంది. ఎక్కకముందు నేల దగ్గర ఒక పెద్ద వాల్వు. అది తిప్పితే మేడ మొత్తానికీ గ్యాస్ ఆగిపోతుంది. పైపు పోయి దూలాన్ని గుద్దుకుంటే తెర మీద ఆ చోటు ఎర్రబడుతుంది. దాన్ని క్లాష్ అంటారు. క్లాషులు సున్నాకు తెచ్చి పంపితే పని అయిపోయినట్టే.

రెండు వేల ఎనిమిదిలో ఇరవై ఏడో నంబరు పని వచ్చింది, ఆఫీసులో దాన్ని 'జాబు' అంటాం. నాలుగు అంతస్తులు, పదహారు వంటగదులు. మా దగ్గర భవనాలకు పేర్లుండవు, నంబర్లే.

బెంగుళూరు వాళ్ళు పంపిన ప్లానులో పెద్ద వాల్వు మేడ బయటి గోడకు, ఛాతీ ఎత్తులో, పల్చటి జాలీ వెనక ఉంది. దారినపోయే వాడు చెయ్యి పెట్టి తిప్పేలా. చూడగానే మా నాయన బోరు గుర్తొచ్చింది నాకు.

మా నాయన ఎర్రన్నకూ మా చిన్నాయనకూ ఒకటే బోరు. ఒక దినం వీళ్ళకు, ఒక దినం వాళ్ళకు. ఎండాకాలం నీళ్ళు జానెడు ధారగా వచ్చే రోజుల్లో మా వంతు నీళ్ళు ఎటో పోయేవి. నాయన వాల్వు చుట్టూ రాతి చాంబరు కట్టించి, బండ మూత వేయించి, దానికి ఇనుప కడ్డీ, కడ్డీకి బీగం వేశాడు. "వాల్వు కనపడితే చాలు, తిప్పే చెయ్యి దానంతట అదే వస్తాది" అనేవాడు. అత్తగారింట్లోనూ బోరు వాల్వుకు బీగమే, దాని చెవి రామక్క మొలతాడుకు, ఆకువక్క సంచి పక్కన వేలాడుతుంది. మా వైపు ఏ ఊళ్ళో చూసినా అంతే. వాల్వు అంటే దాచిపెట్టాల్సిన వస్తువు.

నేనూ దాచిపెట్టాను. పైపును బయటి గోడ నుంచి తీసి, మెట్ల వెనక 'స్టోర్' అని రాసిన గదిలోంచి నేలబారున తెచ్చి, మెట్ల కింద ఒక అలమర కట్టి, వాల్వును అందులో పెట్టాను. అలమరకు గట్టి తలుపు, తలుపుకు బీగం. ఎలుకలు దూరకుండా తలుపు కింద సందు లేకుండా చూశాను. మిగిలిన సందు ఒక్కటే, స్టోర్ గదిలోంచి పైపు వచ్చే కంత. క్లాషులు సున్నా.

మణిదీప్ సార్ నా కుర్చీ వెనక నిలబడి చూశాడు. "శభాష్ పద్దమ్మా! వాళ్ళు వాల్వును వీధిలో పారేసినారు. నువ్వు ఇంటి ఆడదాని మాదిరి లోపలపెట్టి బీగం వేసినావు" అన్నాడు. బెంగుళూరు నుంచి కూడా 'నీటుగా ఉంది' అని వచ్చింది. అలాగే కట్టారు.

మేడ పూర్తయ్యాక అక్కడి కాంట్రాక్టరు మా సార్‌ను ఒక నమ్మకమైన వాచ్‌మన్ కుటుంబం కావాలని అడిగాడు. సార్ నన్ను అడిగాడు. నేను మా ఊరి నాగలక్ష్మి పేరు చెప్పాను. నాకంటే మూడేళ్ళు చిన్నది, చిన్నప్పుడు నా వెంటే తిరిగేది. ఆమె మొగుడు ఈరప్ప వేసిన వేరుశెనగ వరసగా మూడేళ్ళు ఊడలు దిగకుండానే ఎండిపోయింది. ఎటో ఒకవైపు కూలికి పోవడానికి మూటలు కట్టుకునే ఉన్నారు. కాంట్రాక్టరు జీపు హైవే మీదికొచ్చి ఎక్కించుకుంది. బొరుగుల పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టి పంపాను. అప్పుడు ఆమెకు ఏడో నెల.

పదిహేను రోజులకు ఈరప్ప సెల్లు నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, రాణి మాదిరి ఉండా! మాకొక గది ఇచ్చినారు. కొళాయి ఉండాది, లైటు ఉండాది. ఒక పసుప్పచ్చ పైపు మా గదిలోంచే పోతాది. పక్కన అలమర, దానికి పే...ద్ద బీగం."

అది స్టోర్ గది. సామాన్లకని గీసిన చోట మనిషిని పెట్టారు. అయినా ఆ రోజు నాకు భయం కలగలేదు. నేను గీసిన గోడకు మా ఊరి పిల్ల వీపు ఆనించి కూర్చుందని మురిసిపోయాను. కొడుకు పుడితే ప్రణీత్ అని పేరు కూడా నేనే చెప్పాను.

పది రోజుల కిందట గ్యాస్ సిలిండరు తెచ్చే తిమ్మన్న మా ఇంటికి వచ్చాడు. మా అత్త వంటింటి గూటికి చెక్క తలుపు పెట్టించి, సిలిండరును అందులో పెట్టి బీగం వేసి ఉంచుతుంది. మొలతాడు నుంచి చెవి తీసి తెరిచింది. తిమ్మన్న సిలిండరు భుజం మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమవ్వా ఇది! గ్యాసును బీరువాలో పెట్టి బీగం వేసినావే. నగలా ఏమన్నా?"

"నగలు పోతే మళ్ళా చేయించుకోవచ్చప్పా. ఇది పోతే నెలదాకా తెస్తావా నువ్వు?"

"తెస్తా తెస్తా, నువ్వుంటే గదా తెచ్చేది!" అని సిలిండరు దించాడు. "నీళ్ళు కారితే నేల మీద కనిపిస్తాయి. ఇది కనిపించదు. కారితే పైకి పోదవ్వా, కిందికి దిగి పాము మాదిరి నేల పట్టుకొని పాకుతాది. సందు ఉంటే బయటికి పోతాది. లేకుంటే ఆడనే కూచుంటాది, ఎవురన్నా అగ్గిపుల్ల గీస్తారా అని."

నా చంకలో ఆశ్రిత ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"అన్నా, అంతా మూసేసి, నేల దగ్గర ఒక్క కంత ఉంటే?"

"కంత యాడికుంటే ఆడికి పోతాదమ్మా. వీధిలోకుంటే వీధిలోకి. ఇంట్లోకుంటే ఇంట్లోకి."

మా అత్త మొండి మనిషే కానీ మూర్ఖురాలు కాదు. తిమ్మన్న గడప దాటకముందే గొడ్డలి తిరగేసి కొట్టి ఆ తలుపు ఊడగొట్టింది. ఆ చెక్క ఇప్పుడు కోళ్ళ గూటికి ఉంది. మా ఇంట్లో పావుగంటలో అయిపోయింది.

మర్నాడు ఆఫీసులో ఇరవై ఏడు తెరిచాను. మేడలోకి నడిచాను. మెట్ల వెనక్కి పోయి, తెరను నేలకు దించి, పాకుతున్నట్టు చూశాను. అలమర తలుపు కింద సందు సున్నా. పక్క గోడలకు సందు సున్నా. వాల్వు కీలు దగ్గర కాస్త వదులైతే, కారింది పోయే దారి ఒక్కటే, ఆ కంత. కంత దాటితే నాగలక్ష్మి చాప. క్లాషులు అప్పుడూ సున్నాయే. ఈ సాఫ్ట్‌వేరులో గోడకు రూపం ఉంది, పైపుకు రూపం ఉంది, గాలికి లేదు.

బయటికొచ్చి ఎరువుల మూటల పక్కన నిలబడి ఫోన్ చేశాను.

"నాగా, ఆ గదిలో ఏమన్నా వాసన వస్తాందా?"

"వస్తాదక్కా, ఒగోసారి. మురిగిన కోడిగుడ్డు మాదిరి. మోరీ వాసనేమో. ఇంత పెద్ద మేడ కట్టుకున్నారు గానీ మోరీ సరిగా కట్టుకోలేదు చూడు!" అని నవ్వింది. "పొద్దున్నే రెండు ఊదుబత్తీలు ముట్టిస్తా. పోతాది."

మూట మీద కూర్చున్నాను. వాళ్ళది కిరసనాయిలు స్టవ్వు. పదహారు ఇళ్ళకు గ్యాసు వాళ్ళ చాప పక్కగా పోతుంది కానీ గ్యాసు వాసన ఎలా ఉంటుందో నాగలక్ష్మికి తెలియదు.

"నాగా, అది మోరీ కాదు. గ్యాసు. ఆ గదిలో అగ్గిపుల్ల గీయొద్దు."

"దేవునికి కూడానా?"

"దేవునికి కూడా. స్టవ్వు బయట పెట్టుకో."

"బయట పెడితే గోడకు మసి పడతాదని సెక్రటరీ అరుస్తాడక్కా."

"అరవనీ. ఈరప్పకు చెప్పి ఆ అలమర తలుపు తీపియ్యి."

"బీగం చెవి ఆ సెక్రటరీ కాడ ఉండాది. పిల్లోళ్ళు తిప్పుతారని తీసి పెట్టుకున్నాడు."

మా నాయన మాటే. వాల్వు కనపడితే తిప్పే చెయ్యి వస్తాది.

"తలుపు కింద జానెడు కోయించు నాగా. రంపం తెచ్చి కోసెయ్యమను."

"తలుపు కోస్తే ఆయప్ప మమ్మల్ని కోస్తాడు!" మళ్ళీ నవ్వు. "అక్కా, నువ్వు మారలేదు. బాయిలో కప్ప దూకితే నేనే పడినానని ఊరంతా లేపినావు, గుర్తుందా? అదో, బిడ్డ ఏడుస్తాండాడు. మళ్ళా చేస్తా."

"కంతలో తడిగుడ్డన్నా కుక్కు! నాగా, ఆ మేడ ఏ వీధిలో..."

పెట్టేసింది. ఆ తర్వాత ఆ నంబరు స్విచ్చాఫ్.

అప్పుడు తెలిసింది నాకు, ఆ మేడ ఏ వీధిలో ఉందో నాకు తెలియదని. మెట్లు ఎన్నో తెలుసు. ఏ వంటగదిలో సింకు ఏ వైపుందో తెలుసు. దూలం లోతు మిల్లీమీటర్లలో చెప్పగలను. మా ఫైలులో అడ్రసు ఉండదు, నంబరే. నాగలక్ష్మి వాళ్ళను జీపు తీసుకుపోయింది. మా ఊళ్ళో ఈరప్ప తల్లిని కనుక్కుంటే ఆమె దగ్గరున్నదీ ఆ సెల్లు నంబరే, గోడ మీద బొగ్గుతో రాసి ఉంది.

సార్ దగ్గరకు పోయాను.

"సార్, ఇరవై ఏడో జాబు అడ్రసు కావాల."

చెప్పింది మొత్తం విన్నాడు. అతని ముఖం చిన్నబోయింది.

"ఎందుకు మార్చినావు నువ్వు? వాళ్ళు బయటే గదా పెట్టినారు?"

"మీరు శభాష్ అన్నారు సార్."

"అన్నా. నేను చూసింది క్లాష్ రిపోర్టు." కాసేపు బల్ల మీద పెన్ను తిప్పాడు. "పైనోళ్ళు సంతకం పెట్టినారు పద్దమ్మా. మనది కాదు తప్పు."

"తప్పు ఎవురిదైనా కానీ సార్, తలుపు కింద జానెడు కోస్తే చాలు. అడ్రసు ఇయ్యండి, నేనే పోతా."

"పోయి ఏమని చెప్తావు? గీసింది నేనే అని చెప్తావా? మొదట వాళ్ళు అడిగేదేంది? ఆ గీసినామె ఏం చదివింది అని. అప్పుడు నేనేం చూపియ్యాల, నీ పెండ్లి ఫోటోనా?"

అతను గొంతు తగ్గించాడు. గాజు తలుపు అవతల ఏడుగురు తలలు వంచుకుని గీస్తున్నారు.

"నీ ఒక్కదాని సంగతి కాదమ్మా. వాళ్ళను చూడు. వాళ్ళల్లో ఎంతమందికి మూడో ఏడు ఉండాదనుకున్నావు?"

అప్పటిదాకా ఆ జాబితాలో అబద్ధం నాదొక్కటే అనుకున్నాను.

"బెంగుళూరోళ్ళకు నేను చెప్తాలే, నా మాదిరిగా" అన్నాడు చివరకు.

ఆ తర్వాత రోజూ అడుగుతున్నాను. "చెప్పినారా సార్?" "చెప్పినా." "ఏమన్నారు?" "చూస్తామన్నారు." ఈ జవాబు చెప్పేటప్పుడు నా వైపు చూడడు. చెడ్డవాడు కాదు. పాపకు జ్వరమొస్తే తన బండి మీద పెనుకొండ డాక్టరు దగ్గరకు తీసుకుపోయినవాడు. చెప్పాడేమో కూడా. చెప్పాడో లేదో నాకు తెలియదు.

మా ఆయన కిరణ్ రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. ఆయనకు చెప్తే, "సార్ చెప్పినానన్నాడు గదా, ఇంగ నువ్వు ఎందుకు చంపుకుంటావు పానం" అన్నాడు. ఎట్లైనా బెంగుళూరు బస్సెక్కుతానంటే మా అత్త తలుపుకు అడ్డం కూర్చుంది.

"యాడని పోతావు? బెంగుళూరంటే సోమందేపల్లె అనుకున్నావా, బస్టాండులో దిగి ఈరప్ప ఇల్లేది అంటే చూపిచ్చేకి? చంకలో బిడ్డను పెట్టుకొని ఎంతమంది గేట్లు కొడతావు?"

ఆమె అన్నదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. అందుకే ఏడుపొచ్చింది.

మొన్న పని వేళలోనే ఇరవై ఏడు మళ్ళీ తెరిచి అంతా సరిచేశాను. గదిలోకి ఉన్న కంత మూసేశాను. అలమర తలుపు తీసేశాను. పైపును బయటి గోడకు తెచ్చి, వాల్వును ఛాతీ ఎత్తున, జాలీ వెనక, వాళ్ళు మొదట పెట్టినచోటే పెట్టాను. క్లాషులు సున్నా. సేవ్ చేశాను. ఆ తెర మీద నాగలక్ష్మికి ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదు. నేను ఆ గదిలో నిలబడి చూస్తే చాప లేదు, స్టవ్వు లేదు, దేవుడి పటం లేదు. 'స్టోర్' అని రాసి ఉంది. ప్లైవుడ్ కొట్టిన కిటికీ పక్కన కూర్చుని, నేనే ఒక నంబరు భవనంలో ఉన్నట్టు, ఎవరో బయట నుంచి నన్ను గీసి పంపేసినట్టు అనిపించింది.

ఫోన్ స్విచ్చాఫ్ అయి ఈ రోజుకు తొమ్మిది రోజులు. చార్జింగు పెట్టుకోలేదేమో. సెల్లు నీళ్ళలో పడిందేమో. రోజూ పొద్దున ఏడింటికి ఆ నంబరు నొక్కుతాను. అది నాగలక్ష్మి ఊదుబత్తి ముట్టించే వేళ.

ఇది చదివేవాళ్ళలో బెంగుళూరులో ఉండేవాళ్ళు ఉంటారు. ఎలహంక తట్టు, పెద్ద నీళ్ళ ట్యాంకు కనిపిస్తాది అని నాగలక్ష్మి ఒకసారి అన్నట్టు గుర్తు. మేడకు నాలుగు అంతస్తులు. వెనక సందులో నిలబడి చూడండి. పసుప్పచ్చ పైపు కింద గోడకు కనపడదు, మొదటి అంతస్తు దగ్గర బయటికి వస్తుంది. మూడో అంతస్తులో దూలం అడ్డొచ్చి రెండు వంకర్లు తిరుగుతుంది. అలా తిరిగిందంటే అది ఇరవై ఏడే, ఆ వంకర్లు నావి.

సిగరెట్టు ఉంటే గేటు బయటే ఆర్పేయండి. గంట కొట్టొద్దు, గదిలో లైటు వేయొద్దు. బయట నుంచే "నాగలక్ష్మీ" అని పిలవండి. బిడ్డను ఎత్తుకుని ముందు బయటికి రమ్మనండి. అక్క పంపిందని చెబితే నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఆ తర్వాత వెనక పెరట్లో సిలిండర్లు కట్టేయించి, ఆ అలమర తలుపు తీయించండి. చెవి దొరక్కపోతే వంగి, తలుపు కింద చెయ్యి దూరుతుందేమో చూడండి. ఎవరైనా జానెడు కోశారో లేదో.

ఎవరైనా ఒక్కరు పోయి చూసి రండి. ఆమె పలికిందో లేదో, సోమందేపల్లెలో ఎరువుల అంగడి పైకి ఒక్క మాట పంపండి.